రెండు బారల లోతున

ఇసకపల్లి రేవులో తిరగేసిన తెప్ప మీద కూచుని
ఓ-రింగుకి గ్రీజు రాస్తున్నాను.
ఒక్క ఇసుక రేణువు చాలు
ఏడు నెలల జీతం మునిగిపోడానికి.
రాత్రి బకెట్లో ముంచి చూశాను,
కెమెరా తీసేసి, లోపల టిష్యూ కాగితం పెట్టి.
పొడిగానే తేలింది.
అయినా వేళ్లకి నమ్మకం కుదరదు.

"ఈ పెట్టెతో ఏం పడతావమ్మా?" జాలయ్య మామ.
"ఫోటోలు."
"మా నీళ్లలోనా!
ఉలవచారులో ఈగని ఎతుక్కున్నట్టే."

అన్నంతా అయింది.
ఫ్లాష్ వెలిగితే మట్టి నలుసులన్నీ
అక్షింతల్లా నా మొహాన్నే.
లెన్సు ముందుకీ వెనక్కీ తడుముకుంటోంది,
చత్వారం కళ్లు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు.
చేప ఒకటి వచ్చి నన్ను చూసి పోయింది.
నాకు దక్కింది తోక, అదీ సగం.

మునిగిన పడవ పక్కటెముకకి వల చిక్కితే
మామ దిగాడు, కళ్లు మూసుకునే.
వేళ్లు ఒక్కో ముడినీ పలకరిస్తున్నాయి.
ఫ్లాష్ ఆపేశాను.
ఊపిరి బిగబట్టి జానెడు దూరానికి జరిగాను.

ఒడ్డున స్క్రీను చూపిస్తే
తల అటు తిప్పి ఇటు తిప్పి
"ఎవురిదీ చెయ్యి?" అన్నాడు.
చూపుడువేలి మీద పాత కోత కనపడి
తన చేతిని ఎండలోకి ఎత్తి చూసుకున్నాడు,
అప్పుడే ఎవరో ఇచ్చిపోయినట్టు.

ఉప్పు వదలాలంటే మంచినీళ్లు కావాలి.
కోటేశ్వరత్త మారుమాట లేకుండా
సగం బిందె తొట్టిలో వంచింది.
ట్యాంకరు వచ్చి అయిదు రోజులట,
ఆ మాట తర్వాత తెలిసింది.

పెట్టె ముంచాను.
ఒక్క బుడగా రాలేదు.