నూరు శాతం చార్జి

ఈసారి గాలికి ఏదో పువ్వు పేరు పెట్టారట.
నేనడగలేదు.
పేరు తెలిస్తే చుట్టరికం కలుస్తుంది.

ముందు నీళ్లు.
కరెంటుంటేనే బోరు, బోరుంటేనే బిందె.
గాబు, గుండిగలు, స్నానాల బకెట్లు,
పెళ్లికి ఒక్కసారి దించి మళ్లీ అటకెక్కించిన డేగిశా.
మా గుంటడు క్రికెట్ హెల్మెట్ పట్టుకొచ్చాడు,
"దీన్లో కూడా నింపీమంటావా" అని.

అటక మీదే లాంతరు దొరికింది.
చిమ్నీకి తిత్లీ నాటి మసి, తుడవడానికి మనసొప్పలేదు.
రేషన్లో కిరసనాయిలు మానేసి ఎన్నేళ్లో.
ఢిల్లేసు ఆటోలోంచి గ్లాసుడు డీజిలు తీసి పోశాడు.
వత్తి రెండుసార్లు దగ్గి, సర్దుకుంది.

అగ్గిపెట్టెలు హార్లిక్స్ సీసాలో.
చోడిపిండి, అటుకులు, బెల్లం.
గ్యాసు బండ ఊపి చూశాను,
సగం మాటలే మాటాడింది.

అత్త గున్నమ్మ సూదిమందు ఫ్రిజ్‌లోంచి తీసి
మూతున్న డబ్బాలో పెట్టి
తడి ఇసక కుండలోకి దించాను, పైన గోనె.
"నన్ను కూడా అందులో దించీమ్మీ,
ఎన్నాళ్లైనా సెడిపోను" అంది అత్త.

రేకుల మీద పాత వల పరిచాం,
కొసలకి ఇసక బస్తాలు.
దూలానికి కొబ్బరితాడు మూడు చుట్లు, ఆపైన మా నాన్న ముడి.
నాకూ చెల్లికీ నేర్పాడు, ఇద్దర్నీ నడవలో కూర్చోబెట్టి:
"గాలి లాగితే బిగియాల,
సెయ్యి లాగితే ఊడాల. అదీ ముడంటే."

పెరట్లో కొబ్బరి, పెద్ద చెట్లు పడిన గోతిలోనే నాటింది,
ఈ ఏడే తొలి గెల.
మట్టలు కొట్టేస్తే గాలికి పట్టు దొరకదట.
ఢిల్లేసు నిచ్చెనెక్కి
కత్తి చంకలో పెట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.
దిగాక చూస్తే
గుండు చేయించిన పిల్లలా నిలబడి ఉంది చెట్టు.
గెల అటుకుల బస్తా పక్కకి చేరింది.

మధ్యాహ్నం దమయంతి ఫోను, ఛత్రపురం నుంచి:
"కవిటి మీదకే అంట కదా అక్కా, జాగర్త.
మాకేటీ లేదు. ఎండ కాస్తంది,
బట్టలారేసుకుంటన్నాను."

ఏడింటికి కరెంటు తీసేశారు.
ఫోను ఆపి బియ్యం డబ్బాలో దాచాను.
పదకొండింటికి వల గరగరలాడింది,
ఎవరో ఇంటిని పట్టి చూసి
ఇది కాదు అనుకుని వదిలేసినట్టు.
ఒంటిగంటకి కప్పల చప్పుడు మొదలైంది.

తెల్లారింది. రేకు రేకుగానే ఉంది.
వీధిలో ఎవరో అరుస్తున్నారు,
"దాటీసింది! పైకి తిరిగిపోనాదట!"

అత్త చేతులు జోడించబోయింది.
పైకంటే ఎటు, అన్నాను.
ఆ చేతులు అలాగే ఆగిపోయాయి,
మధ్యలో జానెడు ఖాళీతో.

నా ఫోనులో నూరు శాతం చార్జి.
అవతల ఒడియాలో ఒకామె
ఎంతో మర్యాదగా ఒకే ముక్క చెబుతోంది.
అర్థం కాకపోయినా అర్థమైంది.
పదకొండుసార్లు విన్నాను.

తాడు విప్పాను. నాన్న చెప్పినట్టే,
ఒక్క లాగుకి ఊడొచ్చింది.
అదే తాడుతో ఆటో మీద కట్టాం
నీళ్ల డబ్బాలు, చోడిపిండి, లాంతరు, హార్లిక్స్ సీసా,
ఎవరూ రుచి చూడని తొలి గెల.
బాహుదా వంతెన మీద ఆపుతారంటున్నారు.
ఆపితే దిగి నడుస్తాను.

దారంతా నాకు ఒకటే లెక్క:
ఎండ చూసి బట్టలారేసిన పిల్ల,
మబ్బు తిరగడం ఎప్పుడు చూసి ఉంటుంది?
ఆ దండెం తాడైనా లాక్కుని
ఇంటికి చుట్టే వేళ చిక్కిందా?
ముడి మటుకు తనకీ వచ్చు.
నాకంటే బాగా వేసేది.