ఆరు తాళపుచెవులు

జడ్చర్ల దాటినంక జిన్నింగు మిల్లెనుక బీట్ల
ఆరు మిలిటరీ డీజిలు ట్యాంకర్లు ఆగినయి.

ఒకటంటుకుంటె రెండోది అంటుకోవద్దు,
నడుమ ఇరవై అంగలన్నడు సుబేదారు.
మళ్ల ఆయనే,
ఒక్కని కంటికి ఆరూ ఆనాలె అన్నడు.

చెవి బండ్లనే ఉంటె
మంటలేస్తె ఉరికించొచ్చు.
దొంగ గూడ ఉరికిస్తడు.

పొద్దుగూకంగ మేకలు తోల్కపోతున్న పెంటయ్య
బీడి ముట్టియ్యబోయి, నన్ను జూసి
చెవుల చెక్కుకున్నడు.
"గడ్డివాము ఇంటికి ఎడంగనే ఏస్తం బిడ్డా.
కుక్క మొరిగితె ఇనొచ్చేటంత ఎడం."

ఆరు చెవులూ నా జేబుల్నే.
మొదటిదాని కాడుంటె ఆఖరుది చీకటి,
ఆఖరుదాని కాడికి పోతె మొదటిది.
తెల్లారెదాంక తిరుగుతనే ఉన్న,
జేబు గలగలమంటనే ఉన్నది.
మిల్లు కుక్క
రాత్రంత నన్ను జూసే మొరిగింది.