మూత పెట్టి చూడు

ముందు మూత పెట్టు, బాల్తజార్.
లెన్సుకి మూత. చీకటి తప్ప
ఇంకేమీ కనపడకూడదు దానికి.
ఇప్పుడు గెయిన్ పద్దెనిమిదికి పెంచు.

చూశావా,
ఏమీ లేనిచోట ఎంత సందడి!
చీమలపుట్ట కదిలినట్టు
బూడిదరంగు ఇసుక కుతకుతా.
ఇది రోగం కాదు, ముసలితనం.
ఇరవై రెండేళ్ళ సెన్సరు
వెలుగు చాలక తనలో తాను గొణుక్కుంటోంది.
నా దగ్గర మందు లేదు.
గెయిన్ తగ్గించి దీపం పెంచుకో, అంతే.

ఊరేగింపుల్లో, పడవ పందేల్లో, మంత్రిగారి రిబ్బను కత్తిరింపుల్లో
ఈ ఏడు కిలోల బరువు
నీ కుడిభుజాన్ని వేలెడు కిందికి దించింది.
నీకు తెలీదు.
నీ చొక్కాలు కుట్టే మా చెల్లెలికి తెలుసు.

రెండో ఫిర్యాదు,
బొమ్మ పలకలు పలకలుగా పగలడం.
నేరుగా మానిటర్లో చూస్తే తేటగా ఉంది,
టేపులోంచి చూస్తేనే పగులుతోంది.
అంటే కన్ను మంచిదే,
జ్ఞాపకానికి మడ్డి పట్టింది.
నవ్వకు, హెడ్ డ్రమ్ము సంగతి చెప్తున్నా.
మెత్తటి తోలుగుడ్డ, రెండు చుక్కల ఆల్కహాలు.
గుడ్డని కదపకూడదు, డ్రమ్మునే తిప్పాలి.
పైకీ కిందికీ రుద్దావో, హెడ్డు పుటుక్కుమంటుంది.
ఒకటి విరగ్గొట్టాను కొత్తలో,
అప్పు తీరడానికి ఏడాది పట్టింది.
ఇదిగో గుడ్డకంటిన గోధుమరంగు.
ఎవరి పెళ్ళి ఎంతుందో ఇందులో.

రిబ్బన్ కేబుల్ కొసన ఆకుపచ్చ తుప్పు.
ఓర్తాలో ఉప్పు చేరని చోటేది!
కిటికీ మూసినా పీకో కొండ మీది మంచు
ఈ బల్ల మీదికొచ్చి కూర్చుంటుంది.

ఇక మూడోది,
నువ్వు నోరు తెరిచి చెప్పనిది.
మూత పెట్టే ఉంది కదా,
మధ్యకి కాస్త ఎడమగా ఆ తెల్లచుక్క ఏమిటి?
వేడెక్కేకొద్దీ ఇంకా తెల్లబడుతోంది.

కాఫీ చల్లారిపోతోంది, తాగు.

నాకు తెలుసు నువ్వే టేపు తెచ్చావో.
పదకొండేళ్ళ కిందటి ఫిబ్రవరి రాత్రి,
ఫెర్రీ వాళ్ళ పడవని అంగుళంలో తప్పించుకుపోయిన రాత్రి.
దీపం వెలిగించాననే సిప్రియాను ఒట్టు,
నిద్రపోయావనే అన్న ఔరేలియు తిట్టు.
నీ టేపులో చుక్క కనపడింది,
రేవంతా సిప్రియాను వైపు తిరిగింది.
అప్పట్నించీ ఒకే కాఫీ కొట్లో
వీపులు ఆనించుకు కూర్చుంటారు అన్నదమ్ములు.

పెట్టు, చూద్దాం.
కెమెరా కదిలితే నిజమైన దీపం చట్రంలో జరుగుతుంది.
చెడ్డ పిక్సెల్ జరగదు,
లోకం తలకిందులైనా అక్కడే.

ఇదిగో గాలి, ట్రైపాడ్ వణికింది.
కట్ట మీది దీపాలు ఊగాయి,
ఫెర్రీ ఊగింది,
చుక్క మాత్రం...

ఊఁ.

దీన్ని కప్పేయడం పది నిమిషాల పని.
పక్క పిక్సెల్ దగ్గర రంగు అరువు తెచ్చి పూస్తా.
ఇకమీద తీసేవాటికే.
ఆ రాత్రికి నా చెయ్యి అందదు.

ఉండు. ఆపు.
ఒక్కో ఫ్రేము జరుపు.
ఆ వణుకులో, రెండు ఫ్రేముల పాటు,
చుక్క పక్కనే ఇంకోటి, మసకగా,
దానంతట అది జరిగిన దీపంలా.
దాని వెనకే దాక్కుని ఉందేమో అప్పటిదాకా.
లేదూ, వట్టి ఇసుకేమో.
గెయిన్ పద్దెనిమిది పెట్టింది నువ్వే కదయ్యా!

అలా నావైపు చూడకు.
కెమెరా సంగతి చెప్పమన్నావు, చెప్పాను.
డ్రమ్ము శుభ్రంగానే ఉంది,
ఇంకోసారి వెనక్కి తిప్పు.