పాల, రెండు లీటర్లు

చీటీ పాట ఈసారి నాకు దక్కింది.
తరుగు పోగా నలభై రెండు వేలు.
కుట్టుమిషను మీద బిల్లు పుస్తకం తిరగేసి
వెనక అట్ట లోపల రాసుకున్నాం నలుగురం:
రంభ రేవులో తెరచాప పడవ,
మూడు పగళ్లు, రెండు రాత్రులు.
నడిపేవాడూ వాళ్లే, వండేవాడూ వాళ్లే.
మనం ఊరకే కూర్చోవాలి.

ఊరకే అన్నచోట హేమసుందరి నవ్వింది.
అప్పడాల పిండి దంచిన చేతుల్ని
ఒళ్లో పెట్టుకుని చూసుకుంది,
మూడు రోజులు వీటినెక్కడ దాచాలా అన్నట్టు.

మార్గశిరం గురువారాలు
మినతి పాత్రో ఇంట్లో నీచు ముట్టరు.
అందుకని శుక్రవారం బయల్దేరడం.
ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను.
బియ్యం. దుప్పట్లు. టార్చిలైటు.
"పాల" అంది.
రెండు లీటర్లు అని రాశాను.

ఒడియాలో పాల అంటే తెరచాపట!
బరంపురంలో పుట్టి ముప్పయ్యేడేళ్లు,
కూరగాయల బేరం నుంచి కోర్టు కాగితం దాకా
ఆ భాషలోనే నెట్టుకొచ్చాను గాని
ఈ ఒక్క మాట నా చెవిన పడలేదు.
పడ్డానికి పడవతో నాకేం పని?

గున్నమ్మ భయం నీళ్లకి కాదు, మరుగుకి.
పడవలో ఆడవాళ్లు ఎటు పోవాలి?
దాని కింద రెండు గీతలు గీశాం.

ఆదివారం పాసింజరెక్కి రంభ వెళ్లాం.
చోడిపల్లి దానయ్య మాతో తెలుగే మాట్లాడాడు,
తన పడవతో మాత్రం ఒడియాలో.
"మరుగా? రెండు గెడలు, ఓ కోక. అదెంత పని?
ఈత ఎవులికొచ్చు?"
ఎవరికీ రాదు.
"కక్కీవోలెవులు?"
అందరం గున్నమ్మ వైపు చూశాం.
"మరి గాలి నేకపోతే?"

దానికి మా పుస్తకంలో గడి లేదు.
మోటారుంది కదా అంది మినతి.
"మోటారేస్తే పూటలో తిప్పేసి తెచ్చెత్తాను.
సాప కావాలన్నది మీరే కదా.
గాలి నేకపోతే ఏటి సేస్తాం, కూకుంటాం.
దానికి జీతమిచ్చి పిలగలమా?"

అయిదేళ్లుగా దూలాల మీదున్న చాపని
ఇసుకలో పరిచాడు.
ఎండుచేపల వాసన. ఎలుక కొరికిన అంచులు.
ఒకచోట బియ్యం గోతం, ఒకచోట నీలం టార్పాలిన్,
మధ్యలో ఎప్పటిదో ఎన్నికల ఫ్లెక్సీ,
సగం నవ్వు, సగం నమస్కారం.

"ఎవరు కుట్టారిది?" నోరు జారాను.
"నానే. వల సూదితోటి."
"ఇంతింత దూరం కుట్లేస్తే
జాకెట్టే నిలవదు, ఇది గాలికి నిలుస్తుందా?"
దానయ్య చాపని చూడలేదు, నా చేతుల్ని చూశాడు.

వెయ్యిన్నర తగ్గించాడు.
రెండు వేలు అడగాల్సిందని హేమసుందరి
రైల్లో ఛత్రపురం దాటేదాకా సణుగుతూనే ఉంది.
మూట మా కాళ్ల కింద, టిక్కెట్టు లేకుండా.

ఇప్పుడు కొమ్మపల్లిలో నా గది నిండా అదే.
మంచం ఎక్కింది, గుమ్మం దాటి వీధిలోకి పోయింది.
పెళ్లివాళ్ల జాకెట్లు పదకొండు
సంచీలోంచి బయటికి రానేలేదు.
లావు సూదులు రెండు విరిగాయి.
ఫ్లెక్సీ పెద్దమనిషిని పీకేసి
పాత కాటన్ పరుపు గలీబు వేశాను, జంట కుట్టు.
ఊరకే కూర్చోవడానికి డబ్బు కట్టిందాన్ని.

రాత్రి పదకొండుకి
ఫ్యాను గాలికి ఒక కొస లేచింది,
పొట్ట ఉబ్బించి మంచాన్నిలా లాగింది.
కాలు పెడలు మీదే ఉంది, తొక్కడం మానేసి చూశాను.
ఇంతలో కరెంటు పోయింది.

చాప కూర్చుండిపోయింది.
నేనూ కూర్చున్నాను, చేతులు ఒళ్లో.
వీధిలో ఎవరో కరెంటాఫీసుని తిడుతున్నారు.
దానయ్య అడిగింది ఇదే కాబోలు.

టార్చి వెలిగించి పుస్తకం తీశాను.
నిమ్మకాయలు ఆరు, గున్నమ్మకి.
పాల పక్కన రెండు లీటర్లు అలాగే ఉంది.
కొట్టేయలేదు.
మొదటిరోజు టీకి కావాలి కదా.