వీపు రంగు

మా అసహికావాలో, మంచులో, దాన్ని గుర్తుపట్టడం
చిన్నపిల్లల పని.
బిర్చి మాను చాటు నుంచి లేచిందంటే
నడుం మీద తెల్లటి మరక
ఎవరో ఆరేసిన రుమాలు గాలికి ఊడిపోయినట్టు.
మామూలు వడ్రంగిపిట్టకు తెలుపు భుజాల మీద,
దీనికి వీపు మీద.
భుజమా, వీపా? అంతే ప్రశ్న.
పన్నెండేళ్లు ఆ ఒక్క ప్రశ్నతో నెట్టుకొచ్చాను,
ఒక్కసారీ పొరబడలేదు.

అమామి దీవిలో మొదటి పొద్దునే పొరబడ్డాను.

కళ్లజోడు మీద చెమట ఆవిరి.
చెట్లంత ఫెర్న్‌ల గొడుగుల కింద
హబు పాము ఉంటుందని కర్రతో నేల తట్టుకుంటూ
పోతున్నాను.
ఎండిన షీ మాను మీద ఎవరో పని మొదలెట్టారు.
టక్. టక్ టక్.
నెత్తిమీద చెక్కపొట్టు రాలింది, తడిగా.

దుర్భిణీలోకి వచ్చింది నల్లపిట్ట.
వీపంతా నలుపు.
రెక్కల మీద ఉప్పు చల్లినట్టు నాలుగు చుక్కలు,
రొమ్ము నిండా మసిగీతలు,
పొట్ట కింద ఎరుపు.
మా వైపు ఆ ఎరుపు చలికి కందిన చెక్కిలి.
ఇక్కడ నివురు ఊదేసిన నిప్పు.

"తెలియని జాతి" అని రాశాను.
కొట్టేశాను.
కొట్టేసిన దాని మీద మళ్లీ అదే రాశాను.

మొతోయి త్సురుయోకి ఎనభై మూడు.
పేరులో కొంగ ఉంది గాని
పిట్టల సంగతి తనకేం తెలీదంది.
గోళ్ల నలుపు ఈ జన్మకి వదిలేది కాదు.
తేచిగి చెక్కపేళ్లు ఉడికిన ఎర్రనీళ్లలో
పట్టునూలు ముంచి, పిండి, ముంచి, పిండి,
ఆనక మడిలోకి దిగి
మోకాళ్లలోతు బురదలో జాడిస్తుంది.
"ఎన్నిసార్లు?"
"ఎనభై. లెక్క తప్పితే మళ్లీ మొదటికి,
అని మా అత్త అనేది. నేను ఎనభై ఒకటి అనుకుంటాను."

ఫోనులో మా ఊరి పిట్టను చూపించాను.
మంచు, బిర్చి, తెల్లటి వీపు.
కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.
"పాపం," అంది, "దీనికింకా అద్దకం కాలేదు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మ్యూజియం సొరుగు గురించి చెప్పాను.
ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా పడుకోబెట్టిన పిట్టలు,
కాళ్లకి చీటీలు.
హొక్కైదోలో అరచేయంత తెలుపు,
హొన్షూ దిగేకొద్దీ చిక్కిపోతూ,
క్యూషూలో వేలెడు.
సముద్రం దాటాక, ఇక్కడ, సొరుగు చివర, చీకటి.
వాన ఎక్కువైన చోట ఈకలు నల్లబడతాయని
ఒక సూత్రం ఉందన్నాను.
వేరే జాతి అనేవాళ్లున్నారు,
అదే పిట్ట అనేవాళ్లూ ఉన్నారన్నాను.
"పిట్టనడిగారా?" అంది, నూలు పిండుతూ.

ఏం చెప్పాలో తోచక
రంగుతొట్టి చెక్క అంచు మీద
రెండు వేళ్లతో మా ఊరి దరువు వేశాను:
నెమ్మదిగా ఎత్తుకుని, పరుగందుకుని,
చివర్లో ఊపిరి చాలనట్టు సన్నగిల్లేది.
చిన్నప్పుడు మంచంలో పడుకుని నేర్చుకున్నది.

ఆవిడ చేతులు ఆగాయి.
"మళ్లీ."
మళ్లీ వేశాను.
"మా ఆయన పోయిన ఏడు," అంది,
"ఆ పిట్ట రోజూ ఇదే కొట్టేది. తలుపేమో అనుకుని
రెండుసార్లు లేచాను."
ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫారంలో జాతి పేరు నింపాను, పెన్సిలుతో కాదు, సిరాతో.
వీపు రంగు అన్న గడి ఖాళీగానే ఉంది.
పడవ వేళైంది.
చెమట తుడుచుకుంటున్న నా తెల్ల రుమాలు
చేతిలోంచి లాక్కుని
తొట్టిలో ఒక్క ముంచు ముంచి ఇచ్చింది.
టీ మరక రంగు, అంతకంటే ఏం లేదు.

"ఒక్కసారికి ఇంతే," అంది.
"ఇంకా డెబ్భై తొమ్మిది."