గుర్రాల సావిడి కొలతలు

పొదిలి దాటి కొనకనమిట్ల దారిలో
ఎడమకి తిరిగితే ముందు కనపడేది దివాణం కాదు,
దివాణం వారి గుర్రాల సావిడి.
దివాణం ఎప్పుడో కూలింది.
తలుపులు కందుకూరు సంతకి పోయాయి,
దూలాలు ఎవరెవరి వసారాల్లోనో ఉన్నాయి.
సావిడి ఒక్కటే మిగిలింది,
ఎవరికీ అక్కర్లేకపోవడమే దానికి గట్టి పునాది.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు.
పరిహారం లెక్కకి నన్ను పంపారు.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస మౌలాబీ చేతిలో.
వాళ్ల జేజినాయన ఇక్కడ సాయీసు.
ఆమె ఇప్పుడు ఏడో గదిలో కూర్చుని
మిరపకాయలకి తొడిమలు తీస్తుంది, కిలోల లెక్కన.

పొడవు నూట పన్నెండు అడుగులు.
వరసకి ఏడు గదులు, రెండు వరసలు, నడుమ నడవా.
గోడ మందం రెండున్నర.
రాయీ సున్నమూ; సున్నంలో కరక్కాయ నీళ్లూ బెల్లమూ.
"ఇప్పటికీ ముసురు పట్టిందంటే
ఈ గోడకి చీమలు పడతాయి సారూ."

కిటికీ నేలకి ఏడడుగుల పైన.
గాలి కోసం, అని రాసుకోబోయాను.
"గాలికే గానీ, కంట్లో ఎండ పడితే గుర్రం బెదురుద్ది.
వెలుతురు దాని వెన్ను మీద దిగాల."
కొట్టేసి మళ్లీ రాశాను.

నేల వాలు మూరకి ఒక వేలు.
గదిలోంచి కాలువలోకి, కాలువలోంచి
రాణీగారి నిమ్మచెట్టు పాదులోకి.
ఆ సంగతి రాణీగారికి
ఆఖరుదాకా ఎవరూ చెప్పలేదంట.

స్తంభాల అంచులు గుండ్రంగా చెక్కారు,
అయిదడుగుల దాకానే. ఆ పైన రాయి పదును రాయిదే.
గుర్రం డొక్క గీసుకోని ఎత్తు చూసుకుని
వడ్డె చెంచయ్య ఉలి దించేశాడు.
తొమ్మిదో స్తంభానికి మాత్రం
మనిషి భుజమంత ఎత్తులో చిన్న పల్లం.
అది ఉలి పని కాదు.
చెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది.
మౌలాబీ ఏమీ అనలేదు, టేపు లాగింది.

వాకిలి పదకొండు అడుగులు,
స్వారీ దిగకుండానే లోపలికి రావచ్చు.
దివాణం గడప దాటాలంటే
ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే, అట్లా కట్టించారు.
"ఆడ మా జేజినాయన నాలుగడుగుల మనిషి," అంది,
"ఈడకొస్తే ఆరు."

ఇక కప్పు.
మార్కాపురం పలక, చేప పొలుసుల్లా
ఒకదాని మీద ఒకటి.
గాలివానకి జారిపడ్డ పలకలన్నీ
ఊళ్లో పిల్లలు ఏరుకుపోయారు,
చెక్క చట్రం బిగించి బడికి.
ఊరికి అక్షరాలొచ్చిన కొద్దీ సావిడి తడిసింది.

ఏడో గదిలో నేల మీద
జానెడు ఎండ చదరంగా పడి ఉంది.
"అది నాదే," అంది మౌలాబీ.
గాడిలోంచి మిరప గోతాం జరిపి
అడుగున ఉన్న పలక తీసింది.
చట్రం ఊడిపోయింది, మూల మేకు బెజ్జం అట్లాగే ఉంది.
మదరసాలో అలిఫ్ దిద్దిందీ దీనిమీదే,
బడిలో అ దిద్దిందీ దీనిమీదే.
ఇప్పుడు పాలవాడి లెక్క రాసుంది:
బుధవారం దాకా, మూడు అర లీటర్లు.

కప్పు లోపం అని రాయబోతుంటే అడిగింది.
"దీనికీ కడతారా డబ్బు?"
కప్పు మీదుంటేనే కడతాం, అన్నాను.
రూలు అది. నేను పెట్టింది కాదు.

"అయితే కాసేపు ఉండండి."

పక్కింటి సుబ్బరత్తమ్మ నిచ్చెన తెచ్చింది,
కింద నేను పట్టుకున్నాను.
అరవై ఏళ్ల మనిషి
చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కుతుంటే
నిచ్చెన కిర్రుమంది, పైన పావురాలు లేచిపోయాయి.
బెజ్జం వెతికి, తుప్పు మేకుకి తగిలించి,
అరచేత్తో రెండుసార్లు తట్టింది,
మెడ మీద తట్టినట్టు.

నేల మీద ఎండ ఆరిపోయింది.
పాల లెక్క చెరపలేదు.
రాత వైపు లోపలికి.