పెద్దది చెయ్యమ్మా

బరంపురం పాత బస్టాండు వెనక
నా జిరాక్సు కొట్టుకి
రోజూ పదకొండింటికి వచ్చేవారు బెవర లోకనాథం గారు.
గొడుగు తలుపుకి తగిలించి
గంటకి ఇరవై రూపాయలు ముందే బల్ల మీద పెట్టి
"ఓడ తెరు తల్లీ" అనేవారు.

ఓడంటే
వందేళ్ల కిందట గోపాలపురం రేవులో
రంగూన్ స్టీమరెక్కిన కూలీల చిట్టా.
ఎవరో సర్కారు వాళ్లు ఫొటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టారు.
గొలుసుకట్టు రాత.
ఒక అక్షరం ఇంకో అక్షరం కొంగు పట్టుకుని
తలొంచుకుని నడుస్తున్నట్టుంటుంది.
నేను ఒడియా బడిలో చదివినదాన్ని,
నాకది చీమలబారు.
ఆయనకి మనుషులు.

పేరు. తండ్రి పేరు. ఊరు. వయసు.
ఒంటి మీద గుర్తు.
చివరి గడి, తిరిగొచ్చిన తేదీ.
ఆ గడి ఎప్పుడూ ఖాళీయే.
ఎప్పుడైనా ఒకటి నిండి కనబడితే
ఆ రోజు నాక్కూడా టీ చెప్పేవారు.

"ప్రింటు తీసిస్తాను కదండీ" అంటే
"నీ మిషను రాస్తే నాకేం గుర్తుంటుంది?" అని
ఉప్పూ పప్పూ పద్దులు రాసుకునే పొడుగు పుస్తకంలో
పెన్సిలుతో ఒక్కో పేరూ దించుకునేవారు.
రోజుకి పది. కళ్లు సహకరిస్తే పన్నెండు.
నేను నవ్వేదాన్ని.

ఆ గురువారం
రెండొందల పధ్నాలుగో పేజీ.
ఆధార్ లైను గుమ్మం దాటి రోడ్డెక్కింది.
ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు.
"పెద్దది చెయ్యమ్మా."
చేశాను.
"ఇంకా."
సిరా మరక తెరంతా మబ్బు పట్టింది.
ఊరు మందస వైపు ఏదో పల్లె. వయసు ఇరవై.
ఎడమ మోచేతి మీద తేలు పచ్చబొట్టు.
పేరు దగ్గర ఆగిపోయారు.
పారమ్మా? సారమ్మా?

వాళ్ల నాయనమ్మ తల్లి పారమ్మట.
చేతి మీద తేలుండేదని ఇంట్లో చెప్పుకునేవారట,
ఏ చెయ్యో ఎవరికీ తెలీదట.
పకీ సకీ మధ్య ఒక్క కొక్కెం తేడా.
"రేపు చూద్దాం లెండి" అన్నాను.
లైన్లో ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడుస్తోంది.
నేను మాత్రం ఏం చెయ్యను?

మర్నాడు తెరిస్తే
మరమ్మతులో ఉంది అని ఒక వాక్యం.
వారం పోయాక ఆ వాక్యమూ పోయింది.
అధికారులకు మాత్రమే అని ఒక గడి,
గడిలో నిలబడి కన్నుకొట్టే నల్ల గీత.
ఆయన తన పేరు కొట్టమన్నారు. తప్పు అంది.
పారమ్మ అని కొట్టమన్నారు.
తప్పు.
కాసేపాగి, సారమ్మ కొట్టు, అన్నారు.

ఆషాఢంలో రైలెక్కి భువనేశ్వరం వెళ్లొచ్చారు.
కాగితం ముట్టుకుంటే పొడైపోతోందట, చూపించరట.
"ఆన్‌లైన్లో పెట్టాం కదా, అక్కడ చూసుకోండి" అన్నారట.
ఇది చెప్పి తనే నవ్వారు,
దగ్గొచ్చేదాకా.

ఇప్పుడా పుస్తకం నా సొరుగులో ఉంది.
అడిగినవాళ్లకి చూపించు, డబ్బు తీసుకోకు, అన్నారు.
అడుగుతున్నారు.
ఛత్రపురం నుంచి ఒక టీచరమ్మ,
ఇచ్ఛాపురం నుంచి మాటల్లేని ఇద్దరన్నదమ్ములు వేర్వేరుగా,
సూరత్ మిల్లు నుంచి ఫోన్లో ఒక కుర్రాడు.
ఆ కుర్రాడు రైలెక్కిన రోజు
వాడి పేరు, వాడి ఒంటి మీద గుర్తు
ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

నాలుగువేల చిల్లర పేర్లు,
ఆ తర్వాత గీతలు, ఉత్త గీతలు.
ఆఖరి పేరు దగ్గర
పెన్సిలు నొక్కి నొక్కి ప రాసి
దాని మీదే స రాశారు.
రెండూ ఉన్నాయి. ఏదీ లేదు.

కొట్టు కట్టేసే ముందు ఒక్కోరోజు
ఆ పాత చిరునామా కొట్టి చూస్తాను.
గుండ్రం తిరుగుతుంది.
రేపు అన్న మాట నాదే.
పుస్తకం తీసి, ఆ అక్షరం మీద
బొటనవేలూ చూపుడువేలూ ఆనించి
ఫోను మీద చేసినట్టు మెల్లగా విడదీస్తాను.

కాగితం పెద్దదవదు.